నలభై పాయింట్ల కోపం

ఉత్తుంగ తరంగ ఫుట్‌బాల్ క్లబ్‌లో గరికిన ఎల్లాజీ మీద రెండేళ్లపాటు ఒక్క ఫిర్యాదు కూడా రాలేదు. మూడో ఏడు అదే అతని మీద ఫిర్యాదు అయింది.

ఎల్లాజీ విశాఖపట్నం జాలరిపేట కుర్రాడు. పంతొమ్మిదేళ్లు. మిడ్‌ఫీల్డ్‌లో ఆడేవాడు. బంతి అతని దగ్గరికి వస్తే తోటివాళ్లకి కాస్త ఊపిరాడేది. ఎవరు ఎటు పరిగెత్తబోతున్నారో వాళ్లకన్నా ముందే అతనికి తెలిసిపోయేది. ముప్పై గజాల అవతలి మనిషి అడుగు వెయ్యడమే ఆలస్యం, బంతి అతని కాలి ముందు ఉండేది. రెండు సీజన్లలో పదహారు గోల్స్‌కి బంతి అందించాడు. ఒక్క పసుపు కార్డు చూడలేదు. ఎవరినైనా పొరపాటున పడేస్తే ఆగి, లేవదీసి, మోకాలికి అంటిన మట్టి దులిపి మరీ వెళ్లేవాడు.

ఈ నెమ్మది అతను పుస్తకాల్లో చదివి నేర్చుకున్నది కాదు. పన్నెండో ఏట నుంచి పదహారో ఏటి దాకా సెలవుల్లో తండ్రి దానయ్యతో తెప్ప మీద వేటకి వెళ్లాడు. తెప్ప మీద నలుగురుండేవారు. వల చిక్కుపడినా, చేప పడకపోయినా, గాలి ఎదురు తిరిగినా ఎవరూ గొంతు పెంచేవారు కాదు. "ఇక్కడ నువ్వు గంతులేసేవంటే నలుగురం నీళ్లలో ఉంతాం" అని దానయ్య ఒకసారి చెప్పాడు. రెండోసారి చెప్పాల్సిన అవసరం రాలేదు.

ఆ ఏడు క్లబ్‌కి కొత్త ముఖ్య కార్యనిర్వహణాధికారి వచ్చారు. పరిమి చక్రధర్ గారు. అంతకుముందు ఒక పరుపుల కంపెనీలో దక్షిణాది అమ్మకాలు చూసేవారు. ఫుట్‌బాల్ గురించి తనకేమీ తెలియదని మొదటి రోజే చెప్పుకున్నారు. చెప్పిన తీరు ఒప్పుకున్నట్టు లేదు, అర్హత చెప్పుకున్నట్టుంది. "నేను బయటి నుంచి చూస్తాను. లోపలున్న మీకు ఆట మాత్రమే కనిపిస్తుంది" అన్నారు.

వచ్చిన నెలకే ఆయన గోవాలో మూడు రోజుల సదస్సుకి వెళ్లారు. అక్కడెవరో తెర మీద ప్రపంచంలోని గొప్ప ఆటగాళ్ల ఫొటోలు వరసగా చూపించారట. ఒకడు రిఫరీ మీదికి వెళ్తున్నాడు. ఒకడు చొక్కా చింపుకుంటున్నాడు. ఇంకొకడు తలుపు తన్నుతున్నాడు. చక్రధర్ గారికి హాల్లో కూర్చునుండగానే విషయం బోధపడిపోయింది. తిరిగొచ్చిన మర్నాడు నోటీసు బోర్డు మీద సర్క్యులర్ వెలిసింది.

"ప్రతిభ కంటికి కనిపించదు. కోపం కనిపిస్తుంది. కనిపించేదాన్ని కొలవవచ్చును. కొలవగలిగినదాన్ని పెంచవచ్చును. మహా క్రీడాకారులందరూ ఉద్రేకపరులని అంతర్జాతీయ స్థాయిలో నిరూపితమైనందున, ఈ సీజన్ నుండి మన క్రీడాకారుల ఉద్రేకమును పెంపొందించు కార్యక్రమము చేపట్టడమైనది. తద్వారా ప్రతిభ దానంతట అదే పెరుగునని ఆశించడమైనది."

కింద ఒక పట్టిక. నీళ్ల సీసా తన్నితే రెండు పాయింట్లు. రిఫరీతో వాదిస్తే మూడు. తోటి ఆటగాడి చొక్కా పట్టుకుంటే నాలుగు, అది చిరిగితే ఐదు. ప్రాక్టీసు మధ్యలోంచిగానీ సమావేశంలోంచిగానీ విసురుగా వెళ్లిపోతే ఐదు. పసుపు కార్డుకి ఆరు, ఎర్ర కార్డుకి పదిహేను. సీజన్ ముగిసేలోగా ఒక్కొక్కరూ నలభై పాయింట్లు తెచ్చుకోవాలి. తెచ్చుకోలేనివారి ఒప్పందం పొడిగించబడదు.

ఎల్లాజీ ఆ పట్టికని పైనుంచి కిందికి రెండుసార్లు చదివాడు. అతనికి కావలసిన వరస కనబడలేదు.

"మాస్టారూ, గోలేస్తే ఎన్ని?" అని కోచ్‌ని అడిగాడు.

కోచ్ దేవసహాయం మాస్టారికి యాభై నాలుగేళ్లు. ఒకప్పుడు మంచి డిఫెండర్. మోకాలు పోయాక కోచింగ్‌లోకి వచ్చారు. కుర్రాళ్లలో ఎవరికి ఏ చీలమండ నొప్పో, ఎవరు పొద్దున్న టిఫిన్ తినకుండా వచ్చారో నడక చూసి చెప్పేవారు. ఆయన కళ్లజోడు పైకి తోసుకుని పట్టికంతా చదివారు.

"గోలేస్తే సంతోషమొస్తాది కదరా. సంతోషానికి పాయింట్లు పెట్టనేదు ఈళ్లు" అన్నారు.

కార్యక్రమం కోసం 'స్వభావ వికాస విభాగం' ఏర్పడింది. దానికో గది కావలసి వచ్చి, కండరాలు పట్టేస్తే సరిచేసే ఫిజియోథెరపిస్టుని గదిలోంచి పంపించేశారు. ఆయన బల్ల వరండాలోకి వచ్చింది. ఆ రోజు నుంచి కాలు నొప్పన్నవాళ్లు దారిన పోయేవాళ్లందరి ఎదుటా పడుకుని మూలిగేవారు. విభాగానికి అధిపతిగా డాక్టర్ ఇందుశేఖర్ గారు వచ్చారు. ఆయన పన్నెండేళ్లుగా బ్యాంకు ఉద్యోగులకి ఓర్పు నేర్పుతున్న మనిషి. ఇది తిరగబడ్డ పని కదా అని ఎవరో అడిగితే ఏమీ తొణకలేదు.

"కోపం తగ్గించుకోవడానికి పదకొండు మెట్లున్నాయి. ఇంతకాలం దింపాను. ఇప్పుడు ఎక్కిస్తాను. మెట్లవే" అన్నారు.

ఈ పట్టిక అందరికన్నా ముందు అర్థమైనది తేజోవర్ధన్‌కి. అతను విజయవాడ కుర్రాడు, రిజర్వు డిఫెండరు. రెండు సీజన్లూ కలిపి మైదానంలో పదకొండు నిమిషాలు ఆడాడు. ఎప్పుడూ నవ్వుతూ, అందరికీ చాయ్ చెప్పే రకం. పట్టికని పరీక్ష గైడు చదివినట్టు చదివాడు. రోజూ పొద్దున్న సరిగ్గా తొమ్మిదింటికి రెండు సీసాలు వరసగా పెట్టేవాడు. ఇద్దరు సాక్షుల్ని పిలిచేవాడు. "ఛీ! ఏం బతుకురా ఇది!" అని రెండూ తన్నేవాడు. సాక్షుల చేత సంతకాలు పెట్టించుకుని ఇడ్లీలకి వెళ్లేవాడు. మూడు వారాలకి ఎనభై నాలుగు పాయింట్లయ్యాయి. నాలుగో వారం అతన్ని కెప్టెన్ చేశారు.

నాలుగో వారానికి ఎల్లాజీ లెక్క సున్నా. విభాగం అతన్ని ప్రత్యేక శిక్షణకి పిలిచింది.

"నిన్నెవరైనా ఘోరంగా అవమానించిన సందర్భం చెప్పు" అన్నారు ఇందుశేఖర్ గారు, కాగితం మీద కలం ఆనించి.

ఎల్లాజీ నిజాయితీగా ఆలోచించాడు. "గుంటూరులో ఆడతన్నప్పుడు జనంలోంచి ఎవరో నా మీదకి కమలాపండు ఇసిరీసేరండి."

"భేష్. ఆ క్షణాన నీలో ఏం రగిలింది?"

"ఆకలండి. ఒలుసుకుని తినీసేను."

డాక్టరు గారు రాసుకున్నారు: 'అవమానమును ఆహారముగా స్వీకరించు ధోరణి. ఆందోళనకరము.'

"పోనీ, మీ నాన్నగారిని ఎవరైనా తిడితే?"

"ఆయనకి ఎడం సెవి ఇనపడదండి. తిట్టినోళ్లని భోంచేసేవా అని అడుగుతాడు."

ఇక లాభం లేదని ఆఫీసు అటెండరు నూకయ్యని పిలిపించారు. నలభై తిట్లున్న కాగితం అతని చేతికిచ్చి, ఎల్లాజీ ముఖం మీద చదవమన్నారు. తిట్లని విభాగం తాలూకు కమిటీ ఆమోదించింది కాబట్టి అవి కమిటీ భాషలోనే ఉన్నాయి.

"'నీ ఆటతీరు మిక్కిలి పేలవముగా నున్నది'... ఏటనుకోకు బాబూ. 'నీవు జట్టునకు భారమైతివి'... నానంతన్నది కాదు, ఇందులో ఉంది. 'నీ పరుగు చూడ సిగ్గగుచున్నది'..."

ఇరవయ్యో తిట్టు దగ్గర నూకయ్యకి గొంతు ఎండిపోయింది. ఎల్లాజీ లేచి వెళ్లి గ్లాసుడు మంచినీళ్లు తెచ్చిచ్చాడు. "మిగిల్నవి రేపు సదువు బాబాయ్, ఎండ గట్టిగుంది" అన్నాడు. ఇందుశేఖర్ గారు కలం మూత పెట్టేశారు.

ఎల్లాజీ ప్రయత్నించలేదని అనడానికి వీల్లేదు. ఫుట్‌బాల్ లేకపోతే అతనికి వేట తప్ప ఇంకో పని రాదు. దాని మీదికి మనసు పోదు. ఆ ఒప్పందం చేతిలో ఉంటేనే బూట్లు, మైదానం, పొద్దున్నే మంచులో తడిసిన గడ్డి. అందుకని ఒక సాయంత్రం గట్టిగా ఊపిరి బిగబట్టి, సాక్షుల్ని పిలిచి, నీళ్ల సీసాని ఉన్న కోపమంతా పెట్టి తన్నాడు. సీసా గాల్లోకి లేచింది. కొబ్బరి చెట్టుకి అటువైపు నుంచి వంపు తిరిగి, నలభై గజాల అవతల ఉన్న చెత్తడబ్బాలో నిలువుగా పడింది. మైదానంలో ఉన్నవాళ్లంతా చప్పట్లు కొట్టారు. ఫిజియోథెరపీ బల్ల మీద పడుకున్నవాడు కూడా లేచి ఈల వేశాడు.

మర్నాడు విభాగం నుంచి కాగితం వచ్చింది. 'పరిశీలించడమైనది. ఇందులో ప్రతిభ కనబడుచున్నది, ఉద్రేకము కనబడుట లేదు. పాయింట్లు: సున్నా.'

రిఫరీతో వాదిద్దామని ఒక మ్యాచిలో దగ్గరికి వెళ్లాడు. "అది కార్నరండి. మీకు ఎండ కళ్లలో కొట్టింది గావాల" అన్నాడు. రిఫరీ ఒక్క క్షణం చెయ్యి అడ్డం పెట్టుకుని చూసి, "నిజమే బాబూ" అని నిర్ణయం మార్చుకున్నాడు. వాదన అంగీకారంతో ముగిసినందున దానికీ పాయింట్లు రాలేదు.

రాజమండ్రి జట్టుతో మ్యాచి రోజు దేవసహాయం మాస్టారు పదకొండు పేర్లు రాసిచ్చారు. చక్రధర్ గారు ఆ చీటీ మడిచి జేబులో పెట్టుకుని ఇంకో జాబితా తీశారు.

"మాస్టారూ, మీ జాబితా పాయింట్ల ప్రకారం లేదు."

"ఆట ప్రకారం ఉందండి."

"అది మీ వ్యక్తిగత అభిప్రాయం. ఇది డేటా" అన్నారు చక్రధర్ గారు.

పాయింట్లలో మొదటి పదకొండు మంది మైదానంలోకి వెళ్లారు. ఎల్లాజీ బెంచీ చివర కూర్చున్నాడు. మూడో నిమిషంలో కెప్టెన్ తేజోవర్ధన్ త్రో-ఇన్ విషయంలో రిఫరీ ముక్కు ముందు వేలు ఊపి, నేరుగా ఎర్ర కార్డు తెచ్చుకున్నాడు. బయటికొస్తూ విభాగం కెమెరాకి ముఖం కనబడేలా తిరిగాడు. కెప్టెన్‌కి పదిహేను రావడం చూసి మిగతావాళ్లకి తొందర పుట్టింది. బంతి ఎటు పోతోందో ఎవరూ చూడ్డం లేదు. ఒకడు కార్నర్ జెండా పీకాడు. ఒకడు తన జట్టువాడి చొక్కానే పట్టుకుని, చిరిగిందో లేదో ఇద్దరూ కలిసి పరీక్షించుకున్నారు. ముప్పై ఆరో నిమిషానికి ఏడు పసుపు కార్డులు, ఐదు ఎర్ర కార్డులు అయ్యాయి. మైదానంలో ఆరుగురు మిగిలారు. ఏడుగురికన్నా తక్కువుంటే ఆట సాగకూడదని నిబంధన. రిఫరీ మ్యాచి ఆపేసి రాజమండ్రి గెలిచిందని ప్రకటించాడు.

రాజమండ్రి కుర్రాళ్లు చెమటైనా పట్టకుండా నిలబడి చూస్తున్నారు. వాళ్ల గోల్‌కీపరు బెంచీ దగ్గరికొచ్చి ఎల్లాజీ పక్కన గొంతుక్కూచున్నాడు.

"ఏవైందండీ మీవోళ్లకి? ఎవరైనా పోయేరా?" అని మెల్లగా అడిగాడు.

ఎల్లాజీ తలెత్తి పైకి చూశాడు. పై వరసలో చక్రధర్ గారు నిలబడి చప్పట్లు కొడుతున్నారు. ఆ సాయంత్రం క్లబ్ ప్రకటన విడుదల చేసింది: 'ముప్పై ఆరు నిమిషాల్లో నూట పదిహేడు పాయింట్లు. లీగ్ చరిత్రలో ఇంతటి ఉద్రేకాన్ని ప్రదర్శించిన జట్టు మరొకటి లేదు.' ఆ మాట మటుకు నిజమే.

పది రోజుల తర్వాత లీగ్ నుంచి గట్టి హెచ్చరిక వచ్చింది. ఆటగాళ్లని అదుపులో పెట్టకపోతే జట్టుని బహిష్కరిస్తామన్నారు. ఇంకెవరైనా అయితే కార్యక్రమం మానేస్తారు. చక్రధర్ గారు దాన్ని క్రమబద్ధం చేశారు.

కోపం తెచ్చుకోదలచిన క్రీడాకారుడు నలభై ఎనిమిది గంటల ముందు 'ఉద్రేక అనుమతి పత్రం' మూడు ప్రతుల్లో సమర్పించాలి. ఎవరి మీద కోపం, ఎందుకు, ఎంతసేపు, ఏయే వస్తువులు పగలవచ్చు, ఆ వస్తువులు ఏ విభాగానివి అన్న వివరాలు నింపాలి. అనుమతి వచ్చాక పడమటి గేటు దగ్గర తాళ్లు కట్టిన 'ఉద్రేక మండలం'లో మాత్రమే కోప్పడాలి. అక్కడ నాలుగు పాత కుర్చీలు, ఒక తలుపు పెట్టారు. తలుపు చుట్టూ గోడ లేదు. తన్నడానికి తలుపొకటి ఉండాలని పెట్టారు.

ప్రాక్టీసు సమయంలో సగం ఆ క్యూలోనే గడిచిపోయేది. గోల్‌కీపరు భానోజీ ఒక డిఫెండరు మీద నిజంగానే ఒళ్లు మండి దరఖాస్తు పెట్టుకున్నాడు. అనుమతి వచ్చేసరికి ఆ డిఫెండరుతో రాజీ అయిపోయి, ఇద్దరూ సినిమాకి కూడా వెళ్లొచ్చారు. అయినా మంజూరైన కోపం వృథా కాకూడదని విభాగం పట్టుబట్టింది. పాపం ఇద్దరూ మొహాలు చూసుకుంటూ అరగంట అరుచుకున్నారు. ఆ తర్వాత నాలుగు రోజులు వాళ్లకి మాటల్లేవు.

జట్టు లీగ్ పట్టికలో దిగుతూ దిగుతూ అడుక్కి చేరింది. చక్రధర్ గారు మాత్రం బెదరలేదు. "లీగ్ పట్టికలో చివర ఉన్నాం. ఉద్రేక పట్టికలో మొదట ఉన్నాం. రెంటికీ సగటు తీస్తే మధ్యలో ఉన్నట్టే" అని పాలకమండలికి వివరించారు. పాలకమండలి తృప్తి పడింది.

అయితే లోపం ఎక్కడో ఉండాలి. కమిటీ వెతికింది. వెతగ్గా దేవసహాయం మాస్టారు దొరికారు. ఆయన ప్రాక్టీసులో "ముందు ఊపిరి తీసుకోండ్రా, తర్వాత బంతి తీసుకోండి" అంటారని, ఇద్దరు కొట్టుకోబోతే విడదీశారని, ఆరుసార్లు చిరునవ్వుతో కనిపించారని నివేదిక తయారైంది. దానికి 'శాంతి సంక్రమణ' అని పేరు పెట్టారు. ఆయన చేతి కింద ఎక్కువ కాలం ఉన్నవాళ్లలో కోపం బాగా తగ్గిందనీ, ఎల్లాజీ అందుకు తీవ్రమైన ఉదాహరణ అనీ రాశారు. ఆయన్ని తీసెయ్యడానికి ఇక ఒక ఆటగాడి వాంగ్మూలం కావాలి.

ఎల్లాజీని విచారణకి పిలిచిన రోజు మాస్టారు వరండాలో ఫిజియోథెరపీ బల్ల అంచున కూర్చుని ఉన్నారు. లోపల ఏం అడగబోతున్నారో ఆయనకి ముందే తెలుసు.

"ఒరే, పెట్టీరా సంతకం" అన్నారు. "నా ఆట ఎప్పుడో అయిపోనాది. నీది ఇంకా మొదలవనేదు."

"ఏటి మాస్టారూ ఆ మాటలు?"

"నిజమే సెప్తన్నాను. నాకు పిల్లల పెళ్లిళ్లయిపోయేయి. ఇంట్లో కూర్చుని మొక్కలకి నీళ్లోసుకుంతాను. నువ్వు ఈ ఒక్క ఏడు నెట్టుకొచ్చీ. వచ్చే ఏడు ఈ పరుపులాయన ఇంకేదో మోజులో పడతాడు." ఆయన నవ్వబోయారు. అది సరిగ్గా రాలేదు.

లోపల బల్లకి అటువైపు చక్రధర్ గారు, ఇందుశేఖర్ గారు, కెప్టెన్ హోదాలో తేజోవర్ధన్ కూర్చున్నారు. బల్ల మధ్యలో గొంతు తీవ్రత కొలిచే చిన్న యంత్రం ఉంది. చక్రధర్ గారు కాగితం ముందుకి జరిపారు.

"ఇది చదివి సంతకం పెట్టు. నీ సహజ ఉద్రేకాన్ని కోచ్ అణచివేశాడని ఇందులో ఉంది. మార్గదర్శకుని ధిక్కరణ అనే కొత్త అంశం కింద నీకు నలభై పాయింట్లు ఒకేసారి వస్తాయి. ఒప్పందం మూడేళ్లకి పొడిగిస్తాం."

ఎల్లాజీ చదివాడు. 'కోచ్ నన్ను భయపెట్టి శాంతపరిచెను' అన్న వాక్యం దగ్గర ఆగాడు. పైన తిరుగుతున్న ఫ్యాను రెక్కలు ఒక్కొక్కటీ విడివిడిగా వినిపిస్తున్నాయి. గదిలో ప్రతిదీ నెమ్మదించి, చాలా స్పష్టంగా కనిపించింది. బంతి వస్తున్నప్పుడు కూడా ఇలాగే ఉండేది. కానీ ఇప్పుడు ఛాతీలో ఏదో బిగుసుకుపోయి ఉంది.

"నాను పెట్టనండి" అన్నాడు.

"ఎందుకు?"

అతని గొంతు పెరగలేదు. ఇంకా తగ్గింది. "మాస్టారు నన్ను ఎప్పుడూ బయపెట్టనేదండి. బంతి పోగొట్టుకున్నోడు బంతి కోసం పరిగెట్టాల, మడిసి కోసం కాదు అని సెప్పేడు. అది ఇందులో రాయనేదు. పోయినేడు నాకు జొరమొస్తే మూడు బస్సులు మారి మా ఇంటికొచ్చి కూకున్నాడు. అదీ రాయనేదు. మీరు ఆర్నెల్ల బట్టీ నన్ను కోపం సూపించమంతన్నారు. నాకు తెలీక సూపించనేదు. ఇప్పుడొచ్చింది. సూడండి."

అంతే. బల్ల గుద్దలేదు. కాగితం చింపలేదు. ముగ్గురి కళ్లలోకీ ఒకరి తర్వాత ఒకరుగా చూశాడు, చూపు తిప్పలేదు.

ఇందుశేఖర్ గారు యంత్రం మీదికి వంగారు. "ముప్పై ఎనిమిది" అన్నారు. "గ్రంథాలయ స్థాయి. బాబూ, అదే మాట కాస్త గట్టిగా చెప్పగలవా?"

"నేదండి. ఇంతే."

ఎల్లాజీ కాగితాన్ని బల్ల మీద తిన్నగా పెట్టాడు. కుర్చీని యథాస్థానంలోకి జరిపాడు. బయటికెళ్లి తలుపు వేశాడు.

చక్రధర్ గారు పట్టిక తెరిచారు. "సమావేశంలోంచి విసురుగా వెళ్లిపోతే ఐదు పాయింట్లు. కానీ తలుపు నెమ్మదిగా వేశాడు" అన్నారు.

తేజోవర్ధన్ ముఖం పాలిపోయి ఉంది. ఆ సీజన్లో అతని ఖాతాలో రెండు వందల పన్నెండు పాయింట్లున్నాయి. "సార్, వాడికి నిజంగానే కోపం వచ్చింది సార్" అన్నాడు. "నాకు భయమేసింది."

"అనుమతి పత్రం ఉందా?" అన్నారు చక్రధర్ గారు.

లేదు. నలభై ఎనిమిది గంటల ముందు తనకి కోపం రాబోతోందని ఎల్లాజీకి తెలియదు.

వారం తిరక్కుండా రెండు ఉత్తరాలు వెళ్లాయి. శాంతి సంక్రమణకి కారకుడైనందున దేవసహాయం సేవలు చాలించడమైనది. తగినంత కోపం లేనందున గరికిన ఎల్లాజీ ఒప్పందం రద్దు చేయడమైనది. ఇంట్లో సంగతి చెబితే దానయ్య తన చెవి తప్పనుకుని మూడుసార్లు చెప్పించుకున్నాడు. మూడోసారి కూడా అదే మాట వచ్చేసరికి కొడుకు వైపు జాలిగా చూసి, వాడు ఏదో దాస్తున్నాడనుకున్నాడు.

ఉత్తుంగ తరంగ క్లబ్ ఆ సీజన్లో చివరి స్థానంలో నిలిచి కింది డివిజన్‌కి పడిపోయింది. చివరి మ్యాచి అయిన మర్నాడు క్లబ్ తనే ఒక ఉద్రేక షీల్డు చేయించుకుని, సభ పెట్టి, తనకే ఇచ్చుకుంది. చక్రధర్ గారు ఒక చేత్తో ఇచ్చి రెండో చేత్తో తీసుకున్నారు. తేజోవర్ధన్ ఆ సభకి రాలేదు. ఎల్లాజీకి ఫోన్ చేసి, "నేను ఏమన్నా చెయ్యాల్సింది కదరా" అన్నాడు. ఎల్లాజీ, "నాకు నిజంగానే కోపమొచ్చిందని నువ్వు సెప్పేవట కదా, తలుపు కాడున్న నూకయ్య బాబాయ్ సెప్పేడు" అన్నాడు.

జూన్‌లో కాకినాడలో ఒక ఓడరేవు కార్మికుల జట్టు ఆటగాళ్ల కోసం చూస్తోందని తెలిసి, దేవసహాయం మాస్టారే ఎల్లాజీని వెంటబెట్టుకుని పాసింజరు బండిలో బయల్దేరారు. అన్నవరం దాటేదాకా ఇద్దరూ కిటికీలోంచి చూస్తూ కూర్చున్నారు.

"కోపం తగ్గిందిరా?" అన్నారు మాస్టారు.

"నేదు మాస్టారూ."

"తగ్గకపోతే ఏటి సేస్తన్నావు దాన్తో?"

ఎల్లాజీ కాస్త ఆలోచించాడు. "పొద్దున్న నాలుగు రౌండ్లు పరిగెట్టేవోణ్ణి. ఇప్పుడు ఏడు పరిగెడతన్నాను."

మాస్టారు సంచిలోంచి ఉడకబెట్టిన వేరుశెనక్కాయల పొట్లం తీసి మధ్యలో పెట్టారు.

మైదానం ఉప్పుటేరు పక్కన ఉంది. తెల్లవారుజామున వాన పడి అంతా తడిగా ఉంది. ఆటగాళ్లని ఎంపిక చేసే పెద్దాయన పేరు మేడిశెట్టి అప్పన్న. మెళ్లో ఈల, కాళ్లకి రబ్బరు చెప్పులు. అప్పటికే పాతికమంది కుర్రాళ్లు మైదానంలో అటూ ఇటూ పరిగెడుతున్నారు. మాస్టారు క్లబ్ నుంచి వచ్చిన ఫైలు ఆయన చేతికిచ్చారు. ఒక క్లబ్ నుంచి ఇంకో క్లబ్‌కి వెళ్లే ఆటగాడి వెంట ఫైలు వెళ్లి తీరాలి. అందులో ఎల్లాజీ స్వభావం మీద ఇందుశేఖర్ గారు రాసిన ఇరవై రెండు పేజీల నివేదిక ఉంది. కమలాపండు గురించే ఒక పేజీ ఉంది. ఎల్లాజీ ఆ ఫైలునే చూస్తూ నిలబడ్డాడు. అడిగితే ఏం జవాబు చెప్పాలో దారి పొడుగునా మనసులో కూడబలుక్కున్నాడు.

అప్పన్న ఫైలు బరువు చూశాడు. తడిసిన సిమెంటు గట్టు వైపు చూశాడు. ఫైలు గట్టు మీద పరిచి, దాని మీద హాయిగా కూర్చున్నాడు.

"ఏ కాలు బాబూ?" అన్నాడు.

ఎల్లాజీకి అర్థం కాలేదు. "అంటేనండి?"

"బంతి ఏ కాలితో ఆడతావయ్యా?"

"ఎడమండి."

అప్పన్న ఈల నోట్లో పెట్టుకుని, పక్కనున్న బంతిని మైదానంలోకి విసిరి, చేత్తో ఎడమ పక్క చూపించాడు. ఎల్లాజీ పరిగెత్తాడు.